పాలకొల్లులో మా అద్దె వాటా సర్దుకున్న ఆర్నెల్లు – నా అనుభవం

ఫిబ్రవరి 9 ఆదివారం మేము ఈ ఇంట్లో దిగాం. పాలకొల్లులో కాలవ గట్టుకి రెండు వీధులు ఇవతల మేడ ఇల్లు, పైన ఓనర్లు ఉంటారు, కింద వాటా మాది. అద్దె 6,500, అడ్వాన్సు రెండు నెలలది కలిపి 13,000. మా వారికి రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ అయ్యి తాడేపల్లిగూడెం నుంచి ఇటొచ్చాం. ఇల్లు చూసిన రోజు సాయంత్రం వరండాలో మంచి గాలి వస్తోంది, పాపకి స్కూలు దగ్గర, మా వారికి బస్టాండు దగ్గర అని సరే అనేశాం. లోపల గోడలు సరిగ్గా చూసుకోలేదు.

సామాన్లు దింపి వ్యాను వెళ్ళిపోయాక ట్యూబ్ లైటు వేసుకుని కూర్చుంటే అప్పుడు తెలిసింది ఇల్లు ఎలా ఉందో. పాత ఆకుపచ్చ డిస్టెంపరు, దాని మీద ముందు అద్దెకున్నవాళ్ళ క్యాలెండర్ల మరకలు, నేల బూడిద రంగు మొజాయిక్, హాల్లో ఒక పక్క గోడంతా తలుపుల్లేని గూళ్ళు ఆరు, మధ్యలో శ్లాబుకి ఉయ్యాల కొక్కెం. ఆ తెల్లటి ట్యూబ్ లైటు వెలుగులో మా పాప మొహం కూడా పాలిపోయినట్టు కనపడింది. పాప అయితే "అమ్మా మన పాత ఇంటికి ఎప్పుడెళ్తాం" అని మూడు రోజులు అడుగుతూనే ఉంది, నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయ్యేది. అద్దిల్లయినా మనం తినేది పడుకునేది అందులోనే కదా, రెండు మూడేళ్ళు ఉండాల్సిన చోటు, ఎలాగైనా దీన్ని మన ఇల్లు చెయ్యాలి అని అప్పుడే అనుకున్నా. మా వారితో మాట్లాడుకుని 6,000 పక్కన పెట్టాం. ఓనరు అంకుల్ గారు మొదటి రోజే చెప్పేశారు, మేకులు కొట్టకూడదు, డ్రిల్లింగు అసలొద్దు, గోడకి ఏం చేసినా నాకు చెప్పి చెయ్యండమ్మా అని. ఆ మాట తర్వాత నా మెడకి చుట్టుకుంది, వస్తా అక్కడికి.

దిగిన రోజు నేను చేసిన ఒక్క మంచి పని ఏంటంటే, సామాను లోపలికి రాకముందే ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీశా. అటకలు, బాత్రూమ్ కుళాయిలు, స్విచ్ బోర్డులు, గోడల అడుగు భాగం అన్నీ. గూడెంలో మా పక్కింటావిడ చెప్పిన సలహా అది. నిమిషంన్నర వీడియో, అదే తర్వాత నన్ను కాపాడింది.

12వ తారీఖున మొదటి పని, అంటించుకునే కొక్కేలు రెండు ప్యాకెట్లు 360 పెట్టి కొని గడియారం, తాళాలు తగిలించే చెక్క, పాప ఫోటో పెట్టాం. రాత్రి రెండింటికి పెద్ద చప్పుడు, లేచి చూస్తే గడియారం కింద, అద్దం ముక్కలు. కొక్కెం వెనక చూస్తే జిగురు బాగానే ఉంది, దానికి ఆకుపచ్చ రంగు పొర మాత్రం అప్పడంలా అంటుకుని వచ్చేసింది. అంటే కొక్కెం ఊడలేదు, రంగే ఊడింది. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ అప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది. గోడ మీద అరచేయి పెట్టి గట్టిగా ఒకసారి రుద్దండి, చేతికి పొడి అంటిందంటే ఆ గోడకి ఏదీ అంటదు, ఎంత ఖరీదైనదైనా సరే. అవే కొక్కేలు నేను తర్వాత వంటింటి టైల్స్ మీద, బీరువా మీద, ఎనామిల్ పెయింటు వేసిన ద్వారబంధాల మీద అంటించా, ఈ రోజు వరకూ ఒక్కటీ ఊడలేదు, ఒకదానికి చాటంత జల్లెడ కూడా వేలాడుతోంది.

కానీ అప్పుడు నాకు అది అర్థం కాలేదు. కొక్కెం నాసిరకం అనుకుని ఇంకా పెద్ద తప్పు చేశా. ఫోన్‌లో వీడియోల్లో అందరూ వాల్ స్టిక్కర్లు అంటిస్తున్నారు కదా, వెనక కాగితం లాగి అంటించేయడమే, ఖాళీ చేసేటప్పుడు పీకేస్తే మరక కూడా ఉండదు అంటున్నారు కదా, లేత గోధుమ రంగు మీద ఆకులు ఉన్న డిజైను రెండు రోల్స్ 870కి ఆర్డరు పెట్టా, 14న పెడితే 20న వచ్చింది. అంకుల్ గారికి చెప్పాలనిపించలేదు. మేకు కాదు, రంగు కాదు, స్టిక్కరే కదా అనుకున్నా. 23 ఆదివారం పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నేనూ మా వారూ మంచం వెనక గోడకి అంటించాం. ఒకరు పైన పట్టుకుంటే ఒకరు పాత గుడ్డతో బుడగలు రాకుండా రాసుకుంటూ రావాలి, చేతులు పడిపోయాయి. కానీ అయిపోయాక చూస్తే ఎంత బాగుందో, పాప మంచం మీద ఎక్కి గెంతులేసింది. ఆ రాత్రి నాకు ఈ ఇంట్లో మొదటిసారి హాయిగా నిద్ర పట్టింది. ఫోటోలు తీసి మా అమ్మకి, మా వదినకి పంపించా.

పదకొండో రోజు, అంటే మార్చి 6న, కింద మూల దగ్గర బొప్పి కట్టినట్టు ఉబ్బింది. వేలితో నొక్కితే లోపల మెత్తగా, చల్లగా తగిలింది. సూదితో పొడిచి గాలి తీద్దామని చూస్తే గాలితో పాటు చెమ్మ. ఆ తర్వాత రోజుకొక చోట. మార్చి 15 శనివారం రాత్రి మేము అన్నాలు తింటుంటే లోపల గదిలో తడి చీర జారిపడ్డట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే సగం గోడ స్టిక్కరు మంచం మీద పడి ఉంది, దాని వెనక అరచేతులంత పెచ్చులు, గోడ మీద నల్లగా బూజు, దుప్పట్లన్నీ సున్నం పొడి. నేను మంచం అంచు మీద కూర్చుని ఏడ్చేశా. డబ్బు పోయినందుక్కాదు, అంత ఇష్టంగా చేసుకున్నది కళ్ళ ముందే అలా అయిపోయేసరికి.

తెల్లారి మా వారు చెప్పేద్దాం అన్నారు, దాచిపెడితే ఇంకా పెద్దదవుతుందని. అంకుల్ గారు కిందికొచ్చి చూసి గట్టిగా ఏమీ అనలేదు. "చెప్పి చెయ్యమన్నానా లేదామ్మా" అన్నారంతే. ఆ మెత్తటి మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది. గది మొత్తం మళ్ళీ వేయించాలి, నాలుగు వేలు అడ్వాన్సులో తీసుకుంటాను అన్నారు. నేను తల ఊపేశా కానీ లోపల గుండె దడ, మా 6,000 లెక్కలో ఈ నాలుగు వేలు ఎక్కడి నుంచి తేవాలి. అప్పుడు మా వారికి వీడియో గుర్తొచ్చింది. అందులో ఆ గోడ అడుగున, మేము దిగిన రోజే రంగు పొక్కులు లేచి ఉండటం స్పష్టంగా కనపడుతోంది. అంకుల్ గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. చూసి "ఇది గోడలో నెమ్ము అమ్మా, మీ స్టిక్కరు దాన్ని పెంచింది, అంతే" అని, డబ్బు మాట పక్కన పెట్టి, ముందు మేస్త్రిని పిలుద్దాం అన్నారు. ఆ మాటతో సగం బరువు దిగింది. తప్పు నాది కూడా ఉంది, చెప్పకుండా చేశా, అది నేను ఆయనతో ఒప్పుకున్నా.

మేస్త్రి గారు 19న వచ్చారు. అరవై దాటిన మనిషి, గోడని చూడ్డం కాదు, వాసన చూశారు. తర్వాత ఒక ఖాళీ పాల కవరు అడిగి దాన్ని కోసి విప్పి, గోడ మీద జానెడు మేర పొడి అంతా దులిపి, కవరు పెట్టి నాలుగు పక్కలా బ్రౌన్ టేపు బాగా అంటించి వెళ్ళిపోయారు. "రెండ్రోజులు కదపకండి అమ్మగారండీ" అన్నారు. 21న వచ్చి విప్పితే కవరుకి గోడ వైపు నీటి బొట్లు, మన వైపు పొడిగా ఉంది. మన వైపు చెమరిస్తే గదిలో గాలి ఆడక వచ్చిన చెమ్మ, గోడ వైపు చెమరిస్తే నేలలోంచి గోడ పీల్చుకుంటున్న నీళ్ళు అని చెప్పారు. ఇటుక దీపంలో వత్తిలాంటిదండీ ఆయ్, అడుగున నీళ్ళుంటే పైకి లాగుద్ది, ఆ నీళ్ళతో పాటు ఉప్పూ వస్తది, నీరు ఆరిపోయి ఉప్పు మిగిలి రంగుని నెట్టుకుంటూ బైటికొస్తది అన్నారు. నేను నేలమట్టం నుంచి కొలిచా, మూడడుగుల నాలుగంగుళాల దాకా మరక ఉంది, ఆ పైన గోడ పొడిగానే ఉంది.

మరి ఎప్పుడు బాగుచేద్దాం అంటే ఆయన చెప్పిన మాట నేను అసలు ఊహించలేదు. "కాలవలు కట్టేశాక చూద్దారండీ." ఎండాకాలంలో రిపేర్లకని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకి నీళ్ళు ఆపేస్తారు కదా, కాలవ ఎండితే చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు దిగుతాయి, దాంతో గోడలు కూడా ఆరతాయంట. ఇప్పుడు ఏం పూసినా గోదాట్లో పోసినట్టే అన్నారు. గూడెంలో మా ఇల్లు మెట్ట వైపు, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. మా ఇంటి గోడకీ కాలవకీ సంబంధం ఉందంటే నమ్మడానికి నాకు టైము పట్టింది. అప్పటికి ఇంకా నెల పైనే ఆగాలి.

ఆ నెలా నెలన్నర నేను గోడల జోలికి వెళ్ళలేదు. మంచం, బీరువా నాలుగంగుళాలు ముందుకి జరిపాం గాలి ఆడేలాగ, నల్ల బూజు ఉన్న చోట ముక్కుకి గుడ్డ కట్టుకుని తుడిచా, అంతే. గోడ వద్దంటే ఇంక మిగిలింది ఏంటి అని హాల్లో నిలబడి చూశా. నేల ఉంది, వెలుతురు ఉంది, కిటికీలు ఉన్నాయి, గూళ్ళు ఉన్నాయి, నెత్తి మీద కొక్కెం ఉంది. ఇప్పుడు వచ్చినవాళ్ళు ఇల్లు బాగుంది అంటుంటే వాళ్ళు చూసేది ఇవే, నేను అంత ఏడ్చిన గోడని ఎవరూ చూడట్లేదు.

ముందు లైటు. ఇదొక్కటే చేసే వీలున్నా ఇదే చెయ్యండి అంటా. పసుపు వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ బల్బులు, 9 వాట్లవి, మూడు కావాలని వెళ్తే మొదటి షాపులో "జీరో బల్బులా అండీ" అన్నారు, రెండో షాపులో అన్నీ తెల్లవే. ఇక్కడ ఎవరూ అడగరంట, తెల్లగా ఉంటేనే కాంతి ఎక్కువ అనుకుంటారంట. మూడో షాపతను భీమవరం నుంచి తెప్పించి ఇచ్చాడు, నాలుగు రోజులు పట్టింది, ఒక్కోటి 110. అట్టపెట్టె మీద వార్మ్ వైట్ అనీ, 2700 లేదా 3000 కె అనీ ఉందో లేదో చూసుకోండి, 6500 అని ఉంటే అది మళ్ళీ ఆ తెల్లదే. సంతలో 150కి వెదురు బుట్ట ఒకటి కొని, దాని అడుగున కన్నం చేసి, షాపతని చేతే హోల్డరు, వైరు, ప్లగ్గు బిగించుకుంటే 120 అయింది, దాన్ని బీరువా పక్కన స్టూలు మీద బోర్లించి పెట్టా. సాయంత్రం వేస్తే బుట్ట అల్లిక నీడలు గోడ మీద పడతాయి, ఆ ఆకుపచ్చ డిస్టెంపరు కూడా ఆ వెలుగులో తమలపాకు రంగులో కనపడింది. పాప హోంవర్క్ మాత్రం ట్యూబ్ లైటు కిందే, దాన్ని తీయలేదు.

కర్టెన్లకి మా అమ్మ పాత కాటన్ చీరలు నాలుగు ఇచ్చింది. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది కదా, తలుపు కర్టెన్లు ఏడడుగులవి రెండు వస్తాయి, మిగిలిన పమిట ముక్కలో దిండు గలీబు వస్తుంది. పాత చీర కాబట్టి ఉతికితే ఇంక కుంచించుకుపోదు, అదే కొత్త గుడ్డ అయితే ముందు నానబెట్టి ఆరేసి అప్పుడు కుట్టించాలి. టైలరు ఒక్కో తెరకి 60 తీసుకున్నారు, ఎనిమిదింటికి 480. గోరింట రంగు చీర ఒకటుంది, అది నా సీమంతానికి అమ్మ కట్టుకున్నది. కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి ఆడలేదు, అమ్మకి ఫోన్ చేస్తే "పెట్లో ఉంటే చిమ్మెటలు తింటాయే, కిటికీకి ఉంటే రోజూ చూసుకుంటావు" అంది. తగిలించడానికి మేకులు లేవు కదా, కిటికీ గోడల మధ్య బిగించే స్ప్రింగు రాడ్డు ఒకటి తెచ్చి చూస్తే ఆ పొడి గోడకి జారిపోయింది, తిరిగిచ్చేశా. చివరికి కర్టెన్ స్ప్రింగు వైరు తీసుకుని కిటికీ గ్రిల్లు కడ్డీలకే కట్టేశాం, తలుపులకైతే ద్వారబంధానికి ఎప్పట్నుంచో ఉన్న కొక్కేలు దొరికాయి. వైరూ కొక్కేలూ కలిపి 210.

నేలకి ప్లాస్టిక్ షీటు పరవమని మా ఆడపడుచు చెప్పింది, చెక్కలా కనపడేది, మీటర్ల లెక్కన అమ్ముతారు. స్టిక్కరు అనుభవం అయ్యాక నాకు భయమేసి మేస్త్రి గారిని అడిగితే వద్దనే అన్నారు, నేల చెమరించే ఇంట్లో దాని కింద నీళ్ళు నిలిచి వాసన వస్తదంట. అందుకని తుంగ చాపలు రెండు 760, గుమ్మాల దగ్గరికి కొబ్బరి పీచు పట్టాలు రెండు 240. చాప మీద పొద్దున్న ఎండ పడితే హాలంతా ఒకలాంటి గడ్డి వాసన, నాకు అది మా తాతయ్య గారింటి వాసన. కానీ వారానికి ఒకసారి ఎత్తి ఎండలో వెయ్యాల్సిందే, లేకపోతే అడుగున బూజు చుక్కలు పడతాయి, ఒకసారి బద్ధకించి చూశా, పడ్డాయి.

ఇంక గూళ్ళు. ఆరింటిలోనూ స్టీలు సామాను, మందుల డబ్బాలు, చార్జర్లు, పాప పుస్తకాలు కలగాపులగంగా ఉండేవి. అన్నీ తీసేసి కళ్ళకి ఎదురుగా ఉండే మూడింటిలో సామాను సగానికి తగ్గించి, అమ్మమ్మ ఇత్తడి చెంబులు రెండు చింతపండుతో తోమి పెట్టా. అంచుకి ఏదైనా వేలాడితే బాగుంటుంది అనిపించి నర్సాపురం వెళ్ళా, ఎంతో దూరం లేదు కదా. చేత్తో అల్లిన లేసు అంచులు మూడు, ఒక్కోటి 300. మొదట ఖరీదు అనిపించింది. ఈ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, షాపులో బోర్డు మీద రాసి పెట్టుకున్నారు. ఇంటికి తెచ్చి గూట్లో పెడితే ముడుచుకుపోయి నిలబడట్లేదు, పిన్నులు పెట్టినా జారిపోతోంది.

అప్పుడు పై నుంచి మామ్మ గారు వచ్చారు, అంకుల్ గారి అమ్మగారు, ఎనభై దగ్గర పడ్డ మనిషి. లేసు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి "దీనికి గంజి పెట్టలేదేమ్మా" అన్నారు. ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ లేసు అల్లేవారంట. ఏజెంటు దారం రీళ్ళు ఇంటికి తెచ్చిచ్చి, అల్లినవి పట్టుకెళ్ళి కూలి ఇచ్చేవాడంట. "ఎన్ని అల్లానో లెక్క లేదు అమ్మాయ్, అన్నీ పై దేశాలకే, మా ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు" అన్నారు. ఆ మాటకి నేను ఏం చెప్పాలో తెలియక అలా చూస్తుండిపోయా. తర్వాత ఆవిడే దగ్గర కూర్చుని చేయించారు. పల్చటి గంజి, వేలు ముంచితే తెల్లగా కనపడీ కనపడనట్టు ఉండాలి, అందులో లేసు ముంచి పిండకుండా రెండు అరచేతుల మధ్య అదిమి, తుంగ చాప మీద పాత తువ్వాలు పరిచి, లేసులో ఒక్కో పువ్వు రేకు లాగి లాగి గుండు సూది గుచ్చాలి. ఒక అంచుకి నలభై రెండు సూదులు పట్టాయి. నీడలోనే ఆరాలి, ఎండలో పసుపు పడుతుందంట. సాయంత్రానికి అట్టముక్కలా నిలబడింది. గూడు అంచుకి నాలుగు చోట్ల పాత పుస్తకాలు బరువు పెట్టి వేలాడదీశా, అంటించలేదు.

ఉయ్యాల కొక్కేనికి సంతలో కొన్న కొబ్బరి తాడు ఉట్టి ఒకటి, 120. దాన్లో ఏం పెట్టాలో తర్వాత చూద్దామని అలా ఖాళీగా వేలాడదీశాం, పాప రోజూ దాన్లో బొమ్మ పెట్టి ఊపేది.

ఏప్రిల్ నెలాఖరున కాలవలు కట్టేశారు. నేను రోజూ పొద్దున్న పాప మొహంతో పాటు ఆ గోడ కూడా చూసేదాన్ని. వారానికి ఏమీ మారలేదు, నాకు నీరసమొచ్చింది. రెండు వారాలకి మరక అంచు దగ్గర తెల్లటి పొడి బాగా లేచింది, ఉప్పు. పొరపాటున తడి గుడ్డ పెట్టి తుడుద్దామని వెళ్ళా, మేస్త్రి గారు అంతకుముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఆగిపోయా. తడి చేస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే వెళ్ళిపోతుంది, పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి బయట పారెయ్యాలి. మూడోసారి దులిపాక పాల కవరు మళ్ళీ పెట్టి చూశాం, రెండ్రోజులకి ఒకటి రెండు బొట్లు తప్ప పొడిగా ఉంది. మే 17న ఇద్దరు మనుషులు వచ్చి గోడలు నాలుగడుగుల ఎత్తు దాకా డిస్టెంపరు మొత్తం గీకేశారు. ఆ దుమ్ము గురించి ఎవరూ చెప్పరు, బియ్యం డబ్బా మూతల మీద కూడా పడింది. ముందే అన్నిటి మీదా పాత చీరలు కప్పుకోండి, పిల్లల్ని ఆ పూటకి ఎక్కడికైనా పంపించెయ్యండి.

ప్లాస్టిక్ ఎమల్షన్ వేయిద్దామని అంకుల్ గారు అన్నారు, తుడుచుకోడానికి బాగుంటుందని. మేస్త్రి గారే ఒప్పుకోలేదు. అది గోడకి రెయిన్ కోటు తొడిగినట్టు, లోపలి నీరు బైటికి రాలేక మళ్ళీ పొక్కులు లేస్తాయి, ఈ గోడకి సున్నమే మందు అన్నారు. 23 సాయంత్రం రాతి సున్నం తెచ్చి ఇనప డ్రమ్ములో నీళ్ళు పోస్తే అన్నం ఉడికినట్టు బుడబుడమంది, ఆవిరి లేచింది, ప్లాస్టిక్ బకెట్టు అయితే మెత్తబడిపోయేది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, చుక్క కంట్లో పడితే చాలా ప్రమాదం. రాత్రంతా నానాక 24 శనివారం పొద్దున్న పల్చటి గుడ్డలో వడకట్టి, తుమ్మ జిగురు, కొంచెం పసుపు మట్టి రంగు కలిపారు. వేస్తుంటే ఏమీ కనపడట్లేదు, నీళ్ళు పూసినట్టుంది, నాకు మళ్ళీ భయం పట్టుకుంది. "రేపు పొద్దున్న చూడండి అమ్మగారండీ" అన్నారు. రెండు చేతులు, అంటే రెండు పూతలు వేశారు. తెల్లారి ఆరింటికి కిటికీ తెర తీస్తే గోడ వెన్న రంగులో ఉంది. ఎమల్షన్‌లా మెరవదు, మెత్తగా కనపడుతుంది, కొంచెం చోటు చోటుకీ తేడాగా ఉంటుంది, నాకు ఆ తేడానే నచ్చింది. పైన ఉన్న పాత ఆకుపచ్చకీ కింద వెన్న రంగుకీ మధ్య గీత దగ్గర తిన్నగా ఒక పట్టీ లాగారు, కావాలని డిజైను చేయించుకున్నట్టే ఉంది. కూలీ 2,700, సున్నం సామాను 600, మొత్తం 3,300లో అంకుల్ గారు 2,200 పెట్టుకుని నన్ను 1,100 ఇమ్మన్నారు. అడ్వాన్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

జూన్‌లో కాలవలు వదిలారు. 15 ఆదివారం బండి మీద సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ మీదుగా కడియం వెళ్ళాం, రానూ పోనూ వంద కిలోమీటర్ల దాకా. అక్కడ నర్సరీల్లో తిరుగుతుంటే అన్నీ కొనేయాలనిపిస్తుంది, ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, పీస్ లిల్లీ, చిన్న అరెకా పామ్, మొక్కలకి 620, కుండీలకి 480, పెట్రోలు 400. బండి మీద గాలికి ఆకులు చిరిగిపోతాయని నర్సరీలో అమ్మాయే తడి గోనెసంచి చుట్టిచ్చింది. కవర్లో ఉండేది బంకమట్టి, నీళ్ళు పట్టి ఉంచుతుంది, అందుకే ఇంటికొచ్చాక ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి కుండీలోకి మార్చా. ఒక స్నేక్ ప్లాంటు నేను రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టేశా, పాపం. వానాకాలంలో మా ఇంట్లో దానికి పది పన్నెండు రోజులకొకసారి పోస్తే చాలు. మనీ ప్లాంటు ఉట్టిలోకి ఎక్కింది.

డబ్బు లెక్క మొత్తం రాసి పెట్టుకున్నా. 7,140 అయింది. అందులో ఆ పగిలిన గడియారం కాకుండా కొక్కేలు, స్టిక్కర్లు కలిపి 1,230 బూడిదలో పోసిన పన్నీరు, కొక్కేలు తర్వాత పనికొచ్చాయి కాబట్టి కొంత నయం. ఆ రెండూ పోగా ఖర్చు 5,910. ఖాళీ చేసే రోజున సున్నం తప్ప మిగతావన్నీ మాతో తీసుకెళ్ళిపోవచ్చు.

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం రోజుకి వారం నుంచి వానలు. మంచం వెనక గోడ చూశా, కింద బెత్తెడు మేర కొంచెం నల్లబడింది, పొడి లేచింది, కానీ పొక్కులు లేవు, వాసన లేదు. పొడి బ్రష్షుతో దులిపేశా, వచ్చే ఎండాకాలం కాలవలు కట్టాక ఆ బెత్తెడు మళ్ళీ ఒక చెయ్యి సున్నం వేయిస్తానని మేస్త్రి గారితో చెప్పి ఉంచా. సాయంత్రం పేరంటానికి పదమూడు మంది వచ్చారు. చాపల మీద కూర్చుని శనగలు తీసుకుంటూ ఒకావిడ ఆ బుట్ట లైటు ఎక్కడ కొన్నారని అడిగింది, ఇంకొకావిడ తెరలు ముట్టుకుని చూసింది. మామ్మ గారు మాత్రం గూళ్ళ దగ్గరే నిలబడ్డారు. మూడింటికి లేసు ఉంది, మూడు ఖాళీ.

మర్నాడు పొద్దున్న పైనుంచి పిలిచి నలభై నంబరు దారం రెండు ఉండలు తెమ్మన్నారు. ఒక కంటికి ఆపరేషన్ అయింది కదా మామ్మ గారూ, ఎందుకు శ్రమ అంటే, లెక్క వేళ్ళకి తెలుసు, కళ్ళతో పనేంటి అన్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్న పాప స్కూలుకెళ్ళాక మా వరండాలో వెలుతురు ఉన్న వైపు కుర్చీ వేసుకుని అల్లుతున్నారు. ఇప్పటికి జానెడు అయింది.